ఎటాక్/డిఫెండ్ మ్యాప్‌లో బ్లూ టీమ్ ఎప్పుడూ చివరి పాయింట్ దగ్గరే ఆగిపోతోంది. నాలుగో దారి పెట్టాలా?

కదిరి_కుర్రాడు

అందరికీ నమస్కారం. టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే షూటింగ్ ఆట కోసం ఒక ఎటాక్/డిఫెండ్ మ్యాప్ కడుతున్నాను, అంటే బ్లూ టీమ్ పాయింట్లని ఒక్కొక్కటిగా పట్టుకోవాలి, రెడ్ టీమ్ వాటిని కాపాడాలి. ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, రాత్రి భోజనం అయ్యాక మ్యాప్‌లు కట్టే హ్యామర్ ఎడిటర్. మ్యాప్‌కి ఆధారం ఇక్కడి కేఆర్ మార్కెట్. తెల్లారకముందే అక్కడికి వెళ్ళినవాళ్ళకి తెలుసు, పై అంతస్తు నుంచి చూస్తే కింద గుట్టలు గుట్టలుగా బంతిపూలు, చేమంతులు, వాటి మధ్యలో తట్టలు నెత్తిన పెట్టుకుని నడిచే మనుషులు. కింద ఇరుకు, పైన ఎత్తు, ఎటు చూసినా సందులు. ఆ చోటుని ఆటలోకి తేవాలని నాకు చాలా కోరిక.

మ్యాప్‌లో మూడు పాయింట్లు. ఏ (A) పాయింట్ ఫ్లైఓవర్ కింద. బీ పాయింట్ కూరగాయల షెడ్‌లో. చివరిదైన సీ, పూల మార్కెట్ మధ్యలో ఒక తిన్నె మీద. సీ చుట్టూ మూడు వైపులా పైన వరండా ఉంటుంది. బీ తీసుకున్నాక బ్లూ వాళ్ళు సీకి రావడానికి మూడు దారులు ఇచ్చాను. ఒకటి లారీలు వచ్చే పెద్ద గేటు. రెండోది ఎడమవైపు ఉల్లిపాయల మండీ గుండా వచ్చే సందు. మూడోది కుడివైపు మెట్లెక్కి వరండా మీదికి.

ఏ, బీ రెండూ బాగా ఆడుతున్నాయి. పోటీగా ఉంటాయి, చేతులు మారతాయి, అందరూ సరదాగా అరుచుకుంటారు. సీ దగ్గరకి వచ్చేసరికి ఆట చచ్చిపోతోంది. రెడ్ ఇంజనీర్ వరండా మీద సెంట్రీ (దానంతట అదే కాల్చే తుపాకీ) పెడతాడు, పక్కన ఒక స్నైపర్ నిలబడతాడు, ఇక టైమర్ అయిపోయేదాకా బ్లూ వాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి చనిపోతుంటారు. మా గ్రూపులో ఎక్కువమంది చెప్పేది ఒకటే, ఇంకో దారి పెట్టు అని. నేను నేల కిందుగా ఒక మురుగుకాలువ దారి గీసి పెట్టుకున్నాను. అది కట్టాలంటే సీ కింద అంతా తవ్వాలి, పని చాలా ఉంది. కట్టేముందు మీ మాట వినాలని అడుగుతున్నాను. పైనుంచి తీసిన స్క్రీన్‌షాట్ జత చేశాను. మ్యాప్ ఇంకా గ్రేబాక్స్ దశలోనే ఉంది, అంటే ఉత్త డబ్బాల్లాంటి ఆకారాలు, వాటి మీద నారింజ, బూడిద డెవ్ టెక్స్చర్లే.

స్టిక్కీ_రాజు

కాలువ దారి పెట్టు బ్రో, నాకు నచ్చింది. సెంట్రీ వెనక్కి వచ్చే దారి ఎంత ఉన్నా తక్కువే. నేను ఎక్కువగా డెమోమ్యాన్ ఆడతాను కాబట్టి ఇంకో మాట. సెంట్రీ 1100 యూనిట్ల (ఆటలో దూరం కొలత) వరకే కాలుస్తుంది. దానికి అవతల నిలబడి వరండా మీదికి బాంబులు విసిరే చోటు నీ స్క్రీన్‌షాట్‌లో నాకు ఒక్కటీ కనపడలేదు. గేటు దాటగానే సెంట్రీ పరిధిలోకి వచ్చేస్తున్నాం. అలాంటి చోటు ఒకటి ఉంటే డెమోమ్యాన్ ఒక్కడే సగం పని చేసిపెడతాడు.

తెనాలి_గ్రేబాక్స్

తమ్ముడూ, కాలువ తవ్వకు. నేను ఇక్కడే హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఒక స్టూడియోలో లెవెల్ డిజైన్ చేస్తాను. ఈ సమస్య ప్రతి ఎటాక్/డిఫెండ్ మ్యాప్‌కీ వస్తుంది, దీని గురించి తీరిగ్గా చెప్పాలని ఉంది. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నీ స్క్రీన్‌షాట్ మీద సెంట్రీ ఉన్న చోటు కేంద్రంగా 1100 యూనిట్ల వృత్తం గీశాను. పెద్ద గేటు, మండీ సందు, మెట్ల పైమెట్టు, మూడూ ఆ వృత్తంలోనే ఉన్నాయి. పైగా మూడూ తూర్పు వైపు గోడకే తెరుచుకుంటున్నాయి. ఎడిటర్‌లో చూస్తే మూడు దారులు. వరండా మీద నిలబడ్డ రెడ్ ఇంజనీర్‌కి మాత్రం అది ఒకే దారి, కాస్త వెడల్పు ఎక్కువ, అంతే. అతను తల తిప్పాల్సిన అవసరమే రావడం లేదు. నువ్వు నాలుగో దారి తెచ్చి అదే తిన్నె పక్కన తేల్చితే, రెండు ఆటలయ్యాక రెడ్ వాళ్ళు ఆ గుంట మూత దగ్గర నాలుగు స్టిక్కీలు (అతుక్కునే బాంబులు) పెట్టుకుని కూర్చుంటారు. పని నీకు, లాభం వాళ్ళకి.

దారుల లెక్క కంటే అవి ఎటువైపు తెరుచుకుంటాయన్నది ముఖ్యం. డేవిడ్ జాన్‌స్టన్ 2001లో కౌంటర్ స్ట్రైక్‌కి చేసిన డస్ట్ 2 తీసుకో. అందులో ఏ (A) సైట్‌కి లాంగ్ అనే దారి ఒక దిక్కు నుంచి, షార్ట్ అనే దారి ఇంకో దిక్కు నుంచి వస్తాయి. కాపలా ఉన్నవాళ్ళు పని పంచుకోవాల్సిందే. ఒకడు పడిపోయాడంటే ఆ దిక్కు మొత్తం ఖాళీ అవుతుంది, మిగతావాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. దారులు కొన్నే, ఇన్నేళ్ళ తర్వాత కూడా జనం దాన్ని ఆడుతూనే ఉన్నారు.

కాబట్టి పెద్ద గేటుని తూర్పునే ఉంచు. మండీ సందుని ఉత్తరం వైపు తిప్పి, వరండా కిందుగా, స్తంభాల మధ్యలోంచి బయటికి వచ్చేలా చెయ్యి. సెంట్రీ వరండా మీద ఉంటే కింద స్తంభాల వెనక ఉన్నవాళ్ళు దానికి కనపడరు. మెట్లని పడమటి వరండాకి దగ్గరగా చేర్చు, కానీ రెడ్ స్పాన్ (చనిపోయినవాళ్ళు మళ్ళీ పుట్టే గది) తలుపుకి ఎదురుగా మాత్రం వద్దు. అప్పుడు ఇంజనీర్ ముందు ఒక నిర్ణయం ఉంటుంది, గేటుని కాయాలా, మెట్లని కాయాలా అని. ఒక సెంట్రీతో రెండూ కుదరకూడదు. ఆ ఇబ్బందిని డిఫెండర్‌కి పెట్టడమే చివరి పాయింట్ దగ్గర మన పని.

ఇప్పుడు అసలు విషయం. మ్యాప్‌ని యూనిట్లలో కొలవడం ఆపి సెకన్లలో కొలువు. ఈ ఆటలో ప్రతి క్లాస్ (పాత్ర) వేగం మనకి తెలుసు. స్కౌట్ సెకనుకి 400 యూనిట్లు, మెడిక్ 320, డెమోమ్యాన్ 280, సోల్జర్ 240, హెవీ 230. యూబర్, అంటే మెడిక్ తనకీ తోడున్నవాడికీ దెబ్బ తగలకుండా చేసే శక్తి, నడిచేది 8 సెకన్లు. నీ మ్యాప్‌లో బ్లూ వాళ్ళకి చివరిగా దాక్కునే మూల లారీ సందు మలుపు. అక్కడి నుంచి సెంట్రీకి సుమారు 2400 యూనిట్లు లెక్క వచ్చింది. హెవీకి పదిన్నర సెకన్లు దాకా పడుతుంది. సోల్జర్‌కి సరిగ్గా 10. డెమోమ్యాన్ కూడా ఎనిమిదిన్నర దాటాకే చేరతాడు. అంటే మెడిక్ అంతసేపు కష్టపడి కూడబెట్టిన యూబర్ దారిలోనే ఆరిపోతోంది. మీవాళ్ళు సరిగ్గా ఆడకపోవడం వల్ల కాదు ఇది, ఆ దూరంలో ఎవరు ఆడినా ఇంతే.

పెద్ద గేటు బయట, సెంట్రీకి 1300 యూనిట్ల దూరంలో ఒక లారీ అడ్డంగా నిలిపి చూడు. కేఆర్ మార్కెట్‌లో లారీ ఎక్కడ నిలబడ్డా ఎవరూ ఆశ్చర్యపోరు. దాని వెనక నుంచి హెవీ ఆరు సెకన్లలోపే సెంట్రీ దాకా వెళ్ళగలడు. సోల్జర్ అయితే అంత దూరం పోనక్కర్లేదు, నాలుగడుగులు వేసి రాకెట్లు వదలడం మొదలుపెడతాడు. పైన రాజు అడిగిన చోటు కూడా ఇదే అవుతుంది. సెంట్రీ పరిధికి 200 యూనిట్లు అవతల, తల దాచుకునే అడ్డు ఉండి, డెమోమ్యాన్ బాంబులు విసరగలిగేది. పైగా ఆ లారీ వరండా నుంచి సందు చివరిదాకా ఉన్న స్నైపర్ చూపుని మధ్యలో తెగ్గొడుతుంది. ఇన్ని పనులు చేసిపెట్టే ఒక వస్తువు దొరికితే దాన్ని వదలకూడదు.

తర్వాత చనిపోయినవాళ్ళ లెక్క. రెడ్ స్పాన్ నుంచి సీకి సోల్జర్ నడక 5 సెకన్లు. బ్లూ ముందు స్పాన్ నుంచి 20 దాకా. ఈ ఆటలో రీస్పాన్ అలలుగా జరుగుతుంది, అంటే చనిపోయినవాళ్ళు గుంపుగా ఒకేసారి తిరిగి వస్తారు. ఆ వేవ్ టైమ్ 10 అని పెడితే ఆటగాడు 10 నుంచి 20 సెకన్ల మధ్యలో ఎంతైనా ఆగాల్సి రావచ్చు. దాని మీద నడక కలుపుకో. ఒక రెడ్ మనిషిని చంపి బ్లూ వాళ్ళు సంపాదించే ఖాళీ, వాళ్ళ రెండో మనిషి నడిచి వచ్చేలోపే పూడిపోతోంది. బీ పాయింట్ తీసుకోగానే బ్లూ ముందు స్పాన్‌ని మండీ వెనక గోదాములోకి జరుపు. రెడ్ స్పాన్‌ని మాత్రం దూరం చేయకు, చివరి పాయింట్‌లో రెడ్‌కి ఆ దగ్గరితనం కావాలి. బదులుగా బీ పడిపోగానే ఆట నియమాలు మార్చే గేమ్‌రూల్స్ ఎంటిటీ ద్వారా రెడ్ రీస్పాన్ వేవ్ టైమ్ కొంచెం పెంచు. ఒకేసారి పెద్దగా పెంచవద్దు, ఒకటి రెండు సెకన్లు మార్చి ఆడి చూడు. ఇక్కడ రెండు సెకన్లంటే చాలా పెద్ద మార్పు.

పెద్ద స్టూడియోలు కూడా ఇదే చోట తలపట్టుకున్నాయి. 2016లో వచ్చిన ఓవర్‌వాచ్‌లో అసాల్ట్ మోడ్ ఉండేది, అందులో రెండో పాయింట్ డిఫెండర్ల స్పాన్ పక్కనే. ఎటాక్ చేసేవాళ్ళు అక్కడే ఆగిపోతున్నారన్న ఫిర్యాదు ఎన్నేళ్ళయినా పోలేదు. 2022లో ఓవర్‌వాచ్ 2 వచ్చినప్పుడు పోటీ ఆటల్లోంచి ఆ మోడ్‌నే తీసేసి పుష్ అనే కొత్త మోడ్ తెచ్చారు.

చివరిగా ఒకటి అడగాలి. మీరు టెస్ట్ చేసేది ఎంతమందితో? ఈ ఆట 12 మందికి 12 మంది అని కట్టింది. నలుగురు నలుగురుగా ఆడితే సెంట్రీ ఉన్నదానికంటే చాలా బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని కొట్టడానికి ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కలిసి రావాలి. తక్కువమందితో చూసి మ్యాప్‌లో పెద్ద మార్పులు చేయకు.

మెడిక్_మల్లిక

గ్రేబాక్స్ అన్నయ్య చెప్పిన దూరాల లెక్కకి మెడిక్ ఆడేదానిగా ఒకటి కలుపుతాను. యూబర్ నిండడానికి ఎంత తొందరగా అయినా 40 సెకన్లు పడుతుంది. ఆ 40 సెకన్లు నేను ఎక్కడ నిలబడాలి? ఈ మ్యాప్‌లో బీకి, సీకి మధ్య నాకు ఆ చోటు లేదు. స్పాన్ గదిలో నిలబడితే దెబ్బ తిన్నవాళ్ళు అంత వెనక్కి రారు, లారీ సందులో నిలబడితే స్నైపర్ చంపేస్తాడు. అందుకే మీవాళ్ళు ఒక్కొక్కరుగా వెళ్తున్నారు. కలుసుకునే చోటు లేకపోతే ఎవరూ ఎవరికోసమూ ఆగరు.

మండీ లోపల ఒక గది ఇవ్వండి. నలుగురైదుగురు పట్టాలి. మధ్యస్థం హెల్త్ కిట్ ఒకటి, ఆమ్మో (తూటాల) పెట్టె ఒకటి ఉంటే చాలు. తలుపులు రెండు ఉండాలి, లేకపోతే స్పై వచ్చినప్పుడు మూలకి ఇరుక్కుంటాం. తలుపు వెడల్పు ముగ్గురు పక్కపక్కన పరుగెత్తేంత. ఒకరి వెనక ఒకరు దూరే తలుపయితే పైప్ బాంబు ఒక్కటి చాలు, అందరం పోతాం. వీలైతే ఆ గది కిటికీలోంచి సీ కొంచెం కనపడాలి. సెంట్రీ ఉందో పోయిందో తెలిస్తేనే యూబర్ ఎప్పుడు వదలాలో చెప్పగలను.

కదిరి_కుర్రాడు

మల్లికక్కా, ఉల్లిపాయల మండీలో ఎలాగూ గోదాము గది ఉంది, ఖాళీగా అలంకారానికే వదిలేశాను. దానికి రెండో తలుపు పెడతాను. అన్నా, టెస్ట్ గురించి అడిగారు కదా, మా పీజీలో వాళ్ళం, పక్క వీధి స్నేహితులం కలిసి ఐదుగురు ఐదుగురుగా ఆడుతున్నాం. బాట్లని (కంప్యూటర్ నడిపే ఆటగాళ్ళని) పెట్టి చూశాను కానీ అవి సందుల్లో తడబడుతున్నాయి. ఎక్కువమందిని పోగు చేసే ప్రయత్నం చేస్తాను.

ఇంకో సందేహం. టెక్స్చర్లు వేయడం ఎప్పుడు మొదలుపెట్టొచ్చు? సీ దగ్గర పూలగుట్టలు పెట్టాలని చేయి లాగేస్తోంది.

చెన్నై_ప్రాప్స్

నేను చెన్నైలో ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్టుని. మ్యాప్ ఆట బాగా కుదిరేదాకా టెక్స్చర్ వేయకండి, గోడ జరపాల్సి వచ్చినప్పుడు అందమైన గోడని జరపడానికి మనసొప్పదు. కానీ రంగుల ఆలోచన మాత్రం ఇప్పుడే చేయాలి, ఎందుకంటే మీరు ఎంచుకున్న చోటే రంగుల చోటు.

ఒక్కసారి ఊహించండి. ఎర్ర గులాబీలు, నారింజ బంతిపూలు నేలంతా పరిచి ఉన్న చోట రెడ్ టీమ్ కాపలా కాస్తోంది. ఎర్ర చొక్కా మనిషి ఆ పూల ముందు నిలబడితే కనపడడు. బ్లూ వాళ్ళు ఎవరు కాల్చారో తెలియకుండా చనిపోతారు, అది ఆటగాడికి చాలా చిరాకు తెప్పించే చావు. ఈ ఆట బొమ్మలు ఎలా గీశారో వాల్వ్ వాళ్ళు 2007లో ఒక పరిశోధన పత్రంలో రాశారు. ముందు రంగు చూసి ఏ టీమో తెలియాలి, ఆకారం చూసి ఏ క్లాసో తెలియాలి, తర్వాత చేతిలో ఏ ఆయుధం ఉందో తెలియాలి. అందుకే ఛాతీ దగ్గర, ఆయుధం పట్టుకునే చోట కాంట్రాస్ట్ ఎక్కువ పెట్టారు. మనం వెనకాల పెట్టే వస్తువులు ఆ చూపుని చెడగొట్టకూడదు.

మోకాలి నుంచి తల ఎత్తు వరకు, అంటే మనుషులు కనపడే ఎత్తులో, మల్లెలు, లిల్లీపూలు, మరువం కట్టలు, అరటాకులు వాడండి. తెలుపు, లేత పసుపు, మసకబారిన ఆకుపచ్చ. బంతిపూల మూరలన్నీ తలపైకి ఎక్కించండి. వరండా కమ్మీలకి, గేటు కమానుకి వేలాడదీయండి. పైన ఉన్న నారింజ రంగు ఎవరికీ అడ్డు రాదు, దూరం నుంచి చూసినవాడికి సీ ఎటుందో చెప్తుంది. కొత్తగా వచ్చిన ఆటగాడు బీ నుంచి బయటికి రాగానే తల పైకెత్తితే ఆ రంగే దారి చూపించాలి. ఇక గోడల సంగతి. ఈ ఆటలో రెడ్ ఇలాకా అంటే చెక్క, పాత కట్టడం. బ్లూ అంటే కాంక్రీటు, ఇనుము. మీ ఫ్లైఓవర్ అచ్చంగా బ్లూదే, పాత మార్కెట్ కట్టడం రెడ్‌ది. చోటు ఎంపికలోనే ఆ పని సగం అయిపోయింది, నాకు చాలా నచ్చింది.

పూలగుట్టల విషయంలో జాగ్రత్త. పైన ప్లేయర్ క్లిప్ (మనుషుల్ని ఆపే కనపడని గోడ) మాత్రమే పెట్టి లోపల ఖాళీగా వదిలితే మనిషి ఆగుతాడు, స్టిక్కీ బాంబు మాత్రం లోపలికి దూరి పూలలో దాక్కుంటుంది. చూడని బాంబు మీద కాలు వేసినవాడు మళ్ళీ మీ మ్యాప్ ఆడడు. గుట్టని గట్టి వస్తువుగా చేయండి, బాంబు పైనే అతుక్కుని కనపడాలి. తట్టలు, గంపల మీద మాత్రం నున్నటి ఏటవాలు క్లిప్ పెట్టండి, వెనక్కి పరుగెత్తే మనిషి కాలికి తగిలి ఆగిపోకూడదు. ఇంకొక్కటి, వరండా స్తంభాలన్నీ ఫంక్ డీటెయిల్ (చూపు లెక్కలోకి రాని వస్తువులు) చేశారా? లేకపోతే ఆ స్తంభాలు విజ్ లెక్కని, అంటే ఎక్కడి నుంచి ఏది కనపడుతుందో ఎడిటర్ వేసే లెక్కని, ముక్కలు ముక్కలు చేసి కంపైల్‌కి గంటలు పట్టిస్తాయి.

స్టిక్కీ_రాజు

పూలలో బాంబులు దాచే అవకాశం పోయిందని డెమోమ్యాన్‌గా బాధగానే ఉంది కానీ ఆమె చెప్పింది న్యాయం. నాలుగో దారి మాట వెనక్కి తీసుకోను. గ్రేబాక్స్ అన్న చెప్పినట్టు మార్చాక కూడా ఆట కదలకపోతే కాలువ దారి ఒకసారి ఆలోచించాల్సిందే.

కదిరి_కుర్రాడు

కొత్త వెర్షన్ కట్టి ఆడాం. మెట్లు పడమటికి, మండీ సందు ఉత్తరానికి మార్చాను. లారీ 1300 దగ్గర పెట్టాను. గోదాము గదికి రెండో తలుపు, సీ కనపడే చిన్న కిటికీ పెట్టాను. స్తంభాలన్నీ ఫంక్ డీటెయిల్ చేశాక కంపైల్ చాలా తొందరగా అవుతోంది. ఈసారి తొమ్మిది మంది తొమ్మిది మందిగా ఆడగలిగాం.

తేడా చాలా ఉంది. గోదాములో మనుషులు వాళ్ళంతట వాళ్ళే ఆగుతున్నారు, నేను చెప్పకుండానే. రెండు ఆటలు బ్లూ గెలిచింది, ఒకటి రెడ్ చివరి నిమిషంలో నిలబెట్టుకుంది. రెడ్ గెలిచిన ఆటే అందరికీ ఎక్కువ నచ్చింది. ఇంజనీర్ మధ్యలో సెంట్రీని మోసుకుని పడమటి వైపు పరుగెత్తాడు, అంతకు ముందు ఏ ఆటలోనూ అతను కదలనే లేదు.

కొత్త గొడవ ఒకటి వచ్చింది. ఇప్పుడు మెట్లమీదినుంచి వచ్చిన బ్లూ స్కౌట్లు రెడ్ స్పాన్ తలుపు పక్కన నిలబడి బయటికి వచ్చినవాళ్ళని వచ్చినట్టు చంపుతున్నారు. మెట్లని మళ్ళీ వెనక్కి జరపాలా?

తెనాలి_గ్రేబాక్స్

మెట్లని కదపకు, అవి ఇప్పుడే పని చేస్తున్నాయి. రెడ్ స్పాన్‌కి ఒకటే తలుపు ఉంది కదా, రెండోది పెట్టు. మొదటిది కింద, పూల దుకాణాల వరుస వెనక. రెండోది ఒక అంతస్తు పైన, వరండా మీదికి. పై తలుపు లోపలి నుంచి మాత్రమే తెరుచుకోవాలి. రెండు తలుపులూ ఒకే చోటు నుంచి కనపడకూడదు, కాబట్టి వాటి మధ్య ఒక గోడ మలుపు ఉండాలి. స్కౌట్ ఒక తలుపు కాస్తే రెండో తలుపులోంచి వచ్చినవాడు పైనుంచి అతని మీద పడతాడు. తలుపు బయట రెండడుగుల వెడల్పు అడ్డు గోడ కూడా కట్టు, బయటికి వచ్చిన మనిషి ఒక్క క్షణం చుట్టూ చూసుకునే వీలుండాలి. సీ తిన్నె మీద నిలబడి చూస్తే స్పాన్ లోపల ఏమీ కనపడకూడదు, అది ఒకసారి సరిచూసుకో.

తొమ్మిది మంది ఆడిన ఆట డెమో రికార్డ్ చేశావా? ఉంటే పంపు. బ్లూ వాళ్ళు ఎక్కడెక్కడ చనిపోయారో చుక్కలు పెట్టి చూస్తాను. రాజు అడిగిన కాలువ సంగతి ఆ చుక్కలు చూశాకే మాట్లాడదాం. కొత్త బీఎస్పీ (మ్యాప్ ఫైల్) పేరు చివర ఏ3 అని పెట్టు, పాత ఫైల్ పేరుతోనే మళ్ళీ పంపితే పాతది ఉన్నవాళ్ళు సర్వర్‌లోకి రాలేరు. శనివారం రాత్రి మా ఆఫీసు వాళ్ళు ఆరుగురిని తీసుకొస్తాను. మల్లిక, మీరు వస్తారా? మెడిక్‌లు ఇద్దరు కావాలి.

మెడిక్_మల్లిక

వస్తాను. పది దాటాక మొదలుపెట్టండి, అంతకుముందు నాకు కుదరదు. నేను బ్లూలో.